యుద్ధం మీద మన ఆవు వ్యాసాలు: లెక్కలు ముందా, వైపు ముందా?

పెన్న_ఒడ్డు · అనంతపురం · ఆదివారం రాత్రి 9:52

పోయిన వారం సప్తగిరి సర్కిల్ దగ్గర మేడమీది గదిలో మా చదువరుల బృందం కూర్చుంది. పదకొండు మందిమి, ఒకటే ఫ్యాను. ఉక్రెయిన్ యుద్ధం మీద రాసుకొచ్చిన ఆరు పేజీలు చదివాను. గుత్త పెట్టుబడి, మార్కెట్ల పంపకం, ఆయుధ కంపెనీల లాభాలు, గ్యాసు పైపులైన్లు, అన్నీ పెట్టాను. పెద్దవాళ్ళు తలలూపారు. గోడకానుకొని కూర్చున్న డిగ్రీ పిల్లోడు, ఏ రోజూ నోరు తెరవనివాడు, చెయ్యెత్తాడు. "సార్, ఇందులో రష్యా అన్నచోట అమెరికా అనీ, ఉక్రెయిన్ అన్నచోట ఇరాక్ అనీ రాస్తే ఇంకేమైనా మార్చాల్సి వస్తుందా?" అన్నాడు.

ఎవరో నవ్వారు. నేనూ నవ్వేసి టీ తెప్పించాను. ఇంటికొచ్చాక పెన్ను పట్టుకొని నిజంగానే చూశాను. నాలుగు చోట్ల మారిస్తే చాలు, పేపరు ఇరాక్‌కు అతికినట్టు సరిపోయింది.

అప్పట్నుంచీ ఒకటే కొట్టుకుంటోంది. మనం లెక్కలు చూసి ఒక వైపుకు వస్తున్నామా, ఒక వైపు చేరిపోయాక లెక్కలు తెచ్చి అతికిస్తున్నామా? పార్టీల పేర్లు తీసుకొచ్చి తిట్టుకోకుండా చెప్పండి.

జొన్నరొట్టె · ఉరవకొండ · రాత్రి 10:05

కొబ్బరిచెట్టు గురించి రాయమంటే ఆవును తీసుకెళ్ళి చెట్టుకు కట్టేసి ఆవు వ్యాసం రాసినవాడి కథ తెలుసు కదన్నా. ఏ యుద్ధం దొరికినా మనం మన ఆవును తోలుకెళ్ళి దానికి కట్టేస్తాం. పాలు మాత్రం ఇప్పటిదాకా ఇయ్యలేదు.

గుత్తికోట · గుత్తి · రాత్రి 10:48

నవ్వులాటకు బాగానే ఉంది గానీ, పేర్లు మార్చి చదువుకోమని లెనినే చెప్పాడప్పా. 1916లో జ్యూరిచ్‌లో కూర్చొని సామ్రాజ్యవాదం మీద పుస్తకం రాసేటప్పుడు రష్యా చక్రవర్తి జారు సెన్సారును దాటించడానికి జపాన్, కొరియాల ఉదాహరణ వాడాడు. జారు పడిపోయాక, 1917 ఏప్రిల్‌లో ముందుమాట రాస్తూ, జపాన్ అన్నచోట రష్యా అనీ, కొరియా అన్నచోట ఫిన్లాండ్, పోలండ్, ఉక్రెయిన్, ఖీవా, బుఖారా లాంటివనీ పెట్టుకొని చదవమన్నాడు. అవును, ఉక్రెయిన్ పేరు ఆ వరసలో ఉంది. 2022లో మనవాళ్ళు ఎంతమంది ఆ పేజీ తిప్పారో చెప్పలేను.

కాబట్టి పేర్లు మారిస్తే సరిపోవడం తప్పేమీ కాదు. పోలిక ఉన్నచోట సరిపోతుంది. ఎక్కడ సరిపోలేదో వెతక్కుండా ఆగిపోవడమే మనం చేసే తప్పు.

ఇక లెక్కలు ముందా, వైపు ముందా అన్నదానికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 చూడండి. ఆ రోజుల్లో జర్మనీలో కార్మికుల మార్క్సిస్టు పార్టీ అయిన సోషల్ డెమొక్రాట్ల దగ్గరున్నంత ఆర్థిక శాస్త్రం ఇంకెక్కడా లేదు. హిల్ఫర్డింగ్ 1910లోనే ఫైనాన్స్ పెట్టుబడి మీద లావుపాటి పుస్తకం రాశాడు. రోజా లక్సెంబర్గ్ పుస్తకం 1913లో వచ్చింది. యుద్ధం వస్తే కార్మికులు అడ్డుకోవాలని అన్ని దేశాల సోషలిస్టు పార్టీల సభల్లో 1907లో స్టుట్‌గార్ట్‌లో తీర్మానం, 1912లో బాసెల్‌లో మళ్ళీ తీర్మానం. ఇంత చదువూ ఉండి 1914 ఆగస్టు 4న జర్మన్ పార్లమెంటులో యుద్ధ రుణాలకు ఓటేశారు. ముందురోజు పార్టీ ఎంపీల లోపలి సమావేశంలో వద్దన్నవాళ్ళు పద్నాలుగు మంది. సభలో మాత్రం అందరూ కలిసి ఔనన్నారు, లోపల వద్దన్న లీబ్‌నెక్ట్ తో సహా. వద్దన్నవాళ్ళలో ఒకడైన హాసే చేతనే ఆ ప్రకటన చదివించారు. డిసెంబరు 2న గానీ లీబ్‌నెక్ట్ ఒంటరిగా కాదనలేకపోయాడు.

ఆ పద్నాలుగు మందికీ మిగిలిన డెబ్బై ఎనిమిది మందికీ తేడా లెక్కల దగ్గర వచ్చింది కాదు. అందరూ అవే పుస్తకాలు చదివినవాళ్ళే.

పెన్న_ఒడ్డు · రాత్రి 11:02

మాస్టారూ, అయితే ఆ పుస్తకాలు దండగంటారా?

గుత్తికోట · రాత్రి 11:10

దండగని నేనెక్కడన్నాను? పుస్తకం దారి చూపిస్తుంది. నడిపించదు. రేపు రాస్తాను, కళ్ళు మూతలు పడుతున్నాయి.

లెక్కలపద్దు · తాడిపత్రి · సోమవారం ఉదయం 7:30

నేను రోజూ షాపుల లెక్కలు రాసేవాణ్ణి. నా బాధ వేరే. సామ్రాజ్యవాదానికి లెనిన్ చెప్పిన ఐదు లక్షణాలను మనవాళ్ళు పరీక్ష పేపరులా దిద్దుతున్నారు. గుత్త సంస్థలు ఉన్నాయా, ఐదు మార్కులు. బ్యాంకులు, పరిశ్రమలు కలిసిపోయాయా, ఐదు మార్కులు. పెట్టుబడి ఎగుమతి అంతంతమాత్రమేనా, రెండున్నర. మొత్తం కూడితే పాసు మార్కులు రాలేదు కాబట్టి రష్యా సామ్రాజ్యవాది కాదు! ఈ వాదన నేను ఒక సభలో స్వయంగా విన్నాను. రష్యా అమ్మేది చమురు, గ్యాసు, గోధుమలు, ఎరువులే కదా, ముడిసరుకు అమ్ముకునే దేశం సామ్రాజ్యవాది ఎట్లవుతుందని.

ఆ లెక్కన 1914 నాటి జారు రష్యాకు ఇంకా తక్కువ మార్కులు రావాలి. అది పెట్టుబడి ఎగుమతి చేయడం మాట అటుంచండి, ఫ్రాన్సులో మామూలు జనం దాచుకున్న డబ్బును బాండ్ల రూపంలో అప్పు తెచ్చుకొని రైళ్ళు వేసుకుంటున్న దేశం. అయినా లెనిన్ దాన్ని సామ్రాజ్యవాద దేశమనే అన్నాడు. అక్కడ సైనిక బలం మీద గుత్తాధిపత్యమే డబ్బు గుత్తాధిపత్యం లోటును కొంత పూడుస్తోందని 1916లోనే రాశాడు. అంటే లక్షణాల పట్టీ రాసినాయనే పట్టీ పట్టుకు వేలాడలేదు.

ఆడిట్‌లో ఒక మాట ఉంది, వోచరు ముందు, ఎంట్రీ తర్వాత. ఎంట్రీ రాసేసి వోచరు పుట్టించేవాళ్ళను ఏమంటారో చెప్పను.

చెనిక్కాయ · కళ్యాణదుర్గం · సోమవారం మధ్యాహ్నం 1:15

జర్మనీ, ఫ్రాన్సు నాకు తెలియవు సామీ. 2022 మార్చి మాత్రం బాగా గుర్తుంది. మా బస్టాండు ఎదురుగా ఉగ్గాని బజ్జీ బండి ఉంటుంది. ఆయన ఉదయం ఆరుకు బాండలి పెట్టేవాడు. యుద్ధం మొదలైన రెండు వారాలకు సన్‌ఫ్లవర్ ప్యాకెట్ రెండు వందల దగ్గరికి పోయింది. కిరాణా షాపాయన పలక మీద సుద్దముక్కతో రేటు రాసేవాడు. ఒకే వారంలో రెండుసార్లు తుడిచి రాయడం నా కళ్ళతో చూశాను. పాత అంకె కింద మసకగా కనిపిస్తానే ఉండేది.

బజ్జీలాయన పామాయిల్‌కు మారాడు. ఏప్రిల్ ఆఖరున ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. అదీ ఎక్కింది. బజ్జీ రేటు పెంచితే కూలికి పోయేవాళ్ళు కొనరు. అందుకని మిరపకాయ చిన్నది ఏరేవాడు, పిండి పలచన చేశాడు. చివరికి బజ్జీ తీసేసి వట్టి ఉగ్గాని, పప్పుల పొడి పెట్టాడు ఒక నెల. మనది నూనె గింజల జిల్లా అని పేరు. మన బాండలిలో నూనె ఉక్రెయిన్‌దీ ఇండోనేషియాదీ.

ఇంకోటి చెప్తాను. ధర పెరిగింది కదా, చెనిక్కాయ రైతు బాగుపడి ఉంటాడని మా చుట్టం ఒకాయన బెంగళూరు నుంచి ఫోన్ చేసి అన్నాడు. ఖరీఫ్ కాయ అక్టోబరు, నవంబరులో వస్తుంది. అప్పు తీర్చాలి కాబట్టి కల్లంలోంచే అమ్మేస్తాం. యుద్ధం వచ్చింది ఫిబ్రవరి 24న. అప్పటికి మా ఇంట్లో ఉన్నది విత్తనానికి దాచిన రెండు మూటలు. ఆ మూటలు అమ్మితే మళ్ళీ విత్తేదేంటి? బోరు కింద రబీ వేసినవాళ్ళకు, గోదాములో కాయ పోసుకున్నవాళ్ళకు వచ్చింటే వచ్చింటుంది.

మీ ఆరు పేజీల్లో ఇట్లాంటిది ఏమైనా ఉందా అన్నా?

పెన్న_ఒడ్డు · మధ్యాహ్నం 1:40

లేదు.

కడపరాయి · కడప · మధ్యాహ్నం 2:20

చెనిక్కాయ అన్న చెప్పింది ఒక్క అక్షరం కాదనను. కానీ అది యుద్ధం వల్ల ఏమైందన్న లెక్క. యుద్ధం ఎందుకొచ్చిందన్నది వేరే లెక్క. మన సభల్లో ఈ రెంటినీ కలిపి ఒకే గిన్నెలో రుబ్బేస్తారు. లాభం ఎవరికొచ్చిందో చూపించి, కాబట్టి వాళ్ళే యుద్ధం చేయించారంటారు. వానొస్తే గొడుగుల షాపాయనకు లాభం. ఆయన వాన కురిపించాడా?

ఇరాక్ తీసుకోండి. 2003లో 'నెత్తురు ధారపోసి చమురు కొంటారా' అని నినాదాలు రాశాం. 2009లో ఇరాక్ ప్రభుత్వం చమురు క్షేత్రాలు వేలం వేస్తే రుమైలా బ్రిటిష్ కంపెనీ బీపీకి, చైనా ప్రభుత్వ కంపెనీ సీఎన్‌పీసీకి కలిపి దక్కింది, బ్యారెల్‌కు రెండు డాలర్ల ఫీజు మీద. వెస్ట్ కుర్నా రెండో భాగంలో పెద్ద వాటా రష్యా కంపెనీ లుకాయిల్‌కు దక్కింది. అమెరికా కంపెనీ ఎక్సాన్‌కు వెస్ట్ కుర్నా మొదటి భాగం వచ్చింది, కాదనను. కానీ చైనాకూ రష్యాకూ చమురు ఇప్పించడానికి అమెరికా అంత సైన్యాన్ని దించిందా?

1914 కూడా అంతే. జర్మనీ సరుకుకు అన్నిటికంటే పెద్ద కొనుగోలుదారు బ్రిటన్. షాపువాడు తన పెద్ద గిరాకీని కొట్టి తరుముతాడా? ఇంత వ్యాపారం ఉన్నాక యుద్ధం ఎవరికీ గిట్టదని నార్మన్ ఏంజెల్ అనే బ్రిటిష్ రచయిత అప్పట్లో రాస్తే లోకమంతా చదివింది. గిట్టకపోయినా జరిగింది.

ఎర్రమట్టి · డోన్ · సాయంత్రం 6:05

కడప తమ్ముడికి ఒక మాట. నువ్వు ఆర్థికాన్ని పక్కకు తీసేస్తే మిగిలేదేంటో చూసుకున్నావా? ఒకడు పిచ్చోడు, ఇంకొకడు దుర్మార్గుడు, ఫలానా జాతి రక్తమే అట్లాంటిది. టీవీలో రాత్రి తొమ్మిదికి వచ్చేది అదే కదా. దాని కోసం ఎర్రజెండా ఎందుకు, రిమోట్ చాలు.

ఇరాక్‌లో బావులు ఎవరికి దక్కాయన్నది ఒక్కటే చూస్తే ఎట్లా? చమురు ఏ డబ్బులో అమ్మాలి, ఏ దారిన పోవాలి, ఆ దారికి కాపలా ఎవరు, ఇది కదా అసలు విషయం. గొడుగుల షాపాయన వాన కురిపించలేదు, నిజమే. వాన పడేదాకా గొడుగులు చేయిస్తూనే ఉండమని సర్కారు బడ్జెట్ ఇస్తే? 2024లో ప్రపంచం సైన్యాల మీద పెట్టిన ఖర్చు 2.7 లక్షల కోట్ల డాలర్లని స్వీడన్‌లోని సిప్రి సంస్థ లెక్క కట్టింది. అంత సొమ్ము తిరిగేచోట వాన కోసం ఎదురుచూసేవాళ్ళు ఉండరా?

కడపరాయి · సాయంత్రం 6:20

దారికి కాపలా అన్న మాట ఒప్పుకుంటా. అయితే అది కంపెనీ లాభం లెక్క కాదు, రాజ్యం లెక్క. దాన్ని రాజకీయం అనండి, గొడవే లేదు.

ఎర్రమట్టి · సాయంత్రం 6:24

రాజకీయమనేది ఆకాశంలోంచి ఊడిపడుతుందా? ఇదే ఉదారవాదుల...

నిర్వాహకుడు · సాయంత్రం 6:31

ఇద్దరూ తలా ఒక గ్లాసు మజ్జిగ తాగి రండి. బిరుదులు ఇచ్చుకోవడం ఈ వేదికలో లేదు. ఎర్రమట్టి గారి చివరి పోస్టులో సగం తీసేశాను.

గుత్తికోట · సోమవారం రాత్రి 8:40

రేపు రాస్తానన్నాను కదా. ఈ రెండు లెక్కల మధ్య మన జిల్లా మనిషే ఒకాయన ఉన్నాడు. 1940లో యుద్ధం వల్ల వచ్చే ఆర్థిక ఫలితాల మీద కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి చిన్న పుస్తకం రాస్తే తెల్ల సర్కారు ఏడాది జైలు వేసింది. గమనించండి, బాంబు వేసినందుకు కాదు, పుస్తకం రాసినందుకు. యుద్ధం ఆర్థికంగా ఏం చేస్తుందో చెబితే సర్కారుకు అంత మంట. వెనకటికి మద్రాసు రాష్ట్రం చెనిక్కాయ ఓడలెక్కి ఫ్రాన్సులో మార్సే రేవుకు పోయేది, అక్కడి నూనె మిల్లులకు. 1940 జూన్‌లో ఫ్రాన్సు హిట్లర్‌కు లొంగింది. మన సరుకుకు ఆ రేవు మూతపడింది, ఇక్కడ కాయ ధర కూలింది. మా నాయన అప్పటికి పన్నెండేళ్ళ పిల్లోడు. మండీకి ఎద్దుల బండి కట్టుకొని పోయి, అమ్మకుండానే కాయ వెనక్కి తోలుకొచ్చిన రాత్రి గురించి చెప్పేవాడు. దారిలో తాత ఒక్క మాట మాట్లాడలేదట. ఫ్రాన్సు ఎక్కడుందో ఆయనకు తెలియదు.

చెనిక్కాయ అబ్బీ, నీ బజ్జీల బండి, మా తాత ఎద్దుల బండి ఒకటే.

ఇక్కడిదాకా ఆర్థికం మనకు అన్నం పెట్టింది. ఇప్పుడు అది చేయలేని పని చెప్తాను. 1939లో మన కమ్యూనిస్టులు ఇది సామ్రాజ్యవాద యుద్ధం అన్నారు. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ మీద పడ్డాడు. ఆ డిసెంబరుకల్లా పార్టీ దాన్ని ప్రజాయుద్ధం అంది. 1942 జులైలో పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. ఆగస్టులో క్విట్ ఇండియా వస్తే మనవాళ్ళు పక్కన నిలబడ్డారు. ఆ మాట ఇప్పటికీ పడుతూనే ఉన్నాం. నేను అడిగేది ఒకటే. ఆ ఆరు నెలల్లో లండన్ బ్యాంకుల స్వభావం మారిందా? ఇండియా నుంచి సరుకు తీసుకొని, డబ్బులకు బదులు స్టెర్లింగ్ కాగితాలు, అంటే పౌండ్ల బాకీ కాగితాలు, చేతిలో పెట్టడం ఆగిందా? ఆగలేదు. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ మనకు బాకీ పడింది దాదాపు 130 కోట్ల పౌండ్లు. ఆ సరుకు కోసం ఇక్కడ నోట్లు అచ్చు వేస్తూ పోయారు, ధరలు ఎక్కాయి, 1943లో బెంగాల్ ఆకలితో చచ్చింది.

లెక్కలు అవే ఉన్నాయి, వైపు మారింది. ఎందుకు మారింది? ఫాసిజం గెలిస్తే ఇక ఏ లెక్కా మిగలదని భయపడ్డారు. ఆ భయం న్యాయమైనదే అంటాను నేను. తప్పల్లా దాన్ని రాజకీయ నిర్ణయం అని సూటిగా చెప్పకుండా, యుద్ధం 'స్వభావమే' మారిపోయిందని చెప్పడం. మా సీనియర్లను అడిగితే నన్ను గది బయట నిలబెట్టారు, 1971లో. అది వేరే కథ.

ఎర్రమట్టి · రాత్రి 9:15

మాస్టారూ, స్వభావం మారిందన్నది అబద్ధమని నేను ఒప్పుకోను. సోవియట్ దిగాక యుద్ధంలో రెండు యుద్ధాలు కలిసిపోయాయి. కానీ బెంగాల్ సంగతి మనవాళ్ళు సర్కారును గట్టిగా నిలదీయలేదన్న మాట నిజమే.

ధర్మవరం_మగ్గం · ధర్మవరం · మంగళవారం ఉదయం 10:10

మగవాళ్ళంతా 1914 నుంచి 1943 దాకా వచ్చారు, సంతోషం. నాది 2025 ప్రశ్న. మా తమ్ముడు డిప్లొమా. పాలసముద్రం దగ్గర భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ అన్నప్పటినుంచీ వాడి కళ్ళు అటే. కర్నూలు పక్కన ఓర్వకల్లు దగ్గర రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ పరీక్షల మైదానం ఉంది. 2025 ఏప్రిల్‌లో లేజర్‌తో డ్రోన్‌ను కూల్చింది అక్కడే. మన సీమకు ఫ్యాక్టరీలు రాలేదని ధర్నాలు చేసేది మీరే. వచ్చినవి రక్షణ ఫ్యాక్టరీలు. ఇప్పుడేమంటారు? ఆయుధాల ఖర్చు పెట్టుబడిదారీ వ్యవస్థకు ఊపిరి అని మీ క్లాసులో చెప్పారు. వాడికి అప్లికేషన్ పెట్టొద్దని చెప్పనా?

నాకు జవాబు తెలుసనుకోకండి. నేనే వాడికి ఫోటోలు స్కాన్ చేసి ఇచ్చాను.

లెక్కలపద్దు · ఉదయం 11:25

పెట్టమను అక్కా. పని చేసేవాడి మీద తీర్పు చెప్పడం ఆర్థిక విశ్లేషణ కాదు.

కానీ అంకెలు చూద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్లు. అందులో పెన్షన్లే 1.6 లక్షల కోట్లు. కొత్త ఆయుధాలు, విమానాలు, ఓడలు, నిర్మాణాలు అన్నీ కలిపి మూలధన ఖర్చుకు 1.8 లక్షల కోట్లు. అంటే మనం సభలో 'ఆయుధ వ్యాపారం' అని ఒక్క మాటలో తిట్టే మొత్తంలో మన వీధిలోని రిటైర్డ్ హవల్దారు పెన్షన్ కూడా ఉంది. విడదీసి చెప్పకపోతే ఆయన మన మీటింగుకు ఎందుకొస్తాడు? విడదీసి చెబితే ఆయనే వచ్చి, కొన్న సరుకులో నాసిరకం ఏదో మనకు చెబుతాడు.

అసలు సైన్యం బిల్లు గురించి మాట్లాడేదానికి మనకంటే హక్కున్నవాళ్ళు లేరు. టిప్పుతో చేసిన యుద్ధాల్లో వాటాగా నిజాముకు దక్కిన ఈ జిల్లాలను, ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని పోషించే ఖర్చు కింద 1800లో ఆయన కంపెనీకి రాసిచ్చేశాడు. దత్తమండలాలు అని పేరు. దత్తత అన్నట్టు మెత్తగా వినిపిస్తుంది గానీ, అది ఖర్చు పద్దుకు జమ. పన్ను వసూలుకు థామస్ మన్రో వచ్చి అనంతపురంలో కూర్చున్నాడు. కంపెనీ మన పొలాలను సర్వే చేయించింది ఆ బిల్లు రాబట్టడానికే.

జొన్నరొట్టె · ఉదయం 11:31

మన జిల్లా ఒక వోచరు అన్నమాట. రేపట్నుంచి ఊరు ఏదంటే అదే చెప్తా.

కడపరాయి · మధ్యాహ్నం 12:50

పద్దు అన్నా, ఇది ఎందుకొచ్చింది, ఏమైంది రెండింటికీ సరిపోయే ఉదాహరణ. కంపెనీకి సైన్యం పెంచే కొద్దీ భూములు కావాలి, భూములు కాపాడేదానికి మళ్ళీ సైన్యం. ఇక్కడ నేను తగ్గుతాను. అయితే ఇది కాగితం మీద ఒప్పందం చూపించి చెప్పిన మాట. ఉక్రెయిన్ మీద కూడా ఇట్లా కాగితం చూపించి చెప్పమనే నా గొడవంతా.

చెనిక్కాయ · మధ్యాహ్నం 1:05

కాగితం నా దగ్గర ఉండాది. 2022 ఖరీఫ్‌లో డీఏపీ ఎరువు బస్తా రసీదు, 1350. సబ్సిడీ లేకపోతే బస్తా 3850 పడేదని అప్పుడు చెప్పినారు. గ్యాసు, అమోనియా ధరలన్నీ పైకి పోయి ఆ ఏడాది కేంద్రం ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లు తాకింది. ఇదే దేశం అదే సంవత్సరం రష్యా చమురు తగ్గింపు ధరకు కొనుక్కుంది. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యాది రెండు శాతం కూడా లేదు, 2023కు మూడో వంతు దాటింది. ఒక చేత్తో పోయింది, ఇంకో చేత్తో వచ్చింది. వచ్చిన చేతిలోది బంకు దగ్గర నాకు కనపడలేదు. ఇది ఎవరైనా లెక్క కట్టి చెప్పండి సామీ.

పెన్న_ఒడ్డు · మంగళవారం రాత్రి 9:30

పేపరు మళ్ళీ రాస్తున్నాను. ఆరు పేజీలు మూడయ్యాయి. ఉక్రెయిన్ మీద దాడి తప్పు అనే మాట మొదటి పేజీలోనే పెట్టాను, ఏ లెక్కా ఆసరా లేకుండా. అది నా రాజకీయ నిర్ణయం, దాన్ని అంకెలతో మోయించను. నాటో విస్తరణ సంగతి తర్వాత వస్తుంది, తేదీలతో. మిగిలిన రెండు పేజీలూ నూనె, ఎరువు, చమురు. ఎర్రమట్టి గారు ఒప్పుకోరని తెలుసు, ఆదివారం వచ్చి కొట్లాడండి. మగ్గం అక్క ప్రశ్నకు నా దగ్గర పేజీ లేదు. ఖాళీ పేజీ ఒకటి చివర్న పెడుతున్నాను, శీర్షిక మాత్రం రాసి.

ఆ డిగ్రీ పిల్లోడికి ఈ చర్చ చూపించాను. వాడు నిన్న సాయంత్రం కళ్యాణదుర్గం బస్సెక్కి బజ్జీల బండి దగ్గరికి పోయాడంట, 2022 నూనె బిల్లులు ఉన్నాయా అని అడగడానికి.

చెనిక్కాయ · రాత్రి 9:44

వచ్చినాడు, నేనే చూపించినా. చేతిలో నోటుబుక్కు, ఇన్‌షర్టు. బజ్జీలాయన ట్యాక్సు ఆఫీసోళ్ళు అనుకొని బండి కింద డబ్బాను ఇంకా లోపలికి తోసినాడు. చివరికి రెండు ప్లేట్లు ఉగ్గాని తిన్నాక నమ్మినాడు. బిల్లులు లేవంట, కానీ గోడ మీద బొగ్గుతో రాసుకున్న బాకీలు ఉన్నాయి. పిల్లోడు ఫోటో తీసుకున్నాడు. ఆదివారం తెస్తాడు, ఫ్యాను ఇంకోటి పెట్టించండి.